యుద్ధనౌకలు ఎందుకు ఆలస్యమవుతాయి? ఒక్కో దేశానిది ఒక్కో దారి

చెన్నైకి ఉత్తరాన, ఎన్నూరు దాటి పులికాట్ సరస్సు వైపు సాగే తీరంలో కాట్టుపల్లి ఉంది. అక్కడి లార్సెన్ అండ్ టూబ్రో నౌకా నిర్మాణ కేంద్రానికి 2015లో కోస్ట్ గార్డ్ ఏడు గస్తీ నౌకలు కట్టే పని అప్పగించింది. మొదటిదైన ‘విక్రమ్’ 2018లో సేవలో చేరింది. ఏడోదైన ‘విగ్రహ’ 2021 ఆగస్టులో చెన్నైలోనే చేరింది. ఇంచుమించు ఇదే రకం నౌకలు ఐదింటిని నౌకాదళానికి కట్టి ఇస్తామని గుజరాత్ తీరంలోని మరో ప్రైవేటు యార్డు అంతకు ముందే, 2011లో ఒప్పందం చేసుకుంది. వాటిలో రెండు నీళ్లలోకి దిగాయి గానీ ఒక్కటీ నౌకాదళం చేతికి రాలేదు. చివరికి ఒప్పందమే రద్దయింది.

దేశం ఒకటే, రెండూ ప్రైవేటు యార్డులే, కట్టవలసిన నౌకలూ ఇంచుమించు ఒకే తరహావి. ఫలితాలకు మాత్రం పొంతన లేదు.

చెన్నైలో నలుగురు తెలుగువాళ్లు కలిసిన చోట రక్షణ కొనుగోళ్ల మాట వస్తే ఒక తీర్పు తరచూ వినిపిస్తుంది. మన దగ్గర అంతా ఆలస్యమేనని, బయటి దేశాల్లో అన్నీ చెప్పిన తేదీకి చెప్పినట్టు జరుగుతాయని. ఇక్కడి కర్మాగారాల్లో ఈ పనులే చేస్తున్న ఇంజినీర్ల నోట కూడా ఈ మాట విన్నప్పుడు నాకు బాధ కలుగుతుంది. అందులో సగం నిజం కాదు. మిగతా సగం నిజమే గానీ, దానికి కారణం మనం వెతికే చోట లేదు.

మొదటి నౌకే నమూనా

కొత్త విమానం తయారుచేసేవాళ్లు ముందు కొన్ని నమూనాలను ఎగరేసి, లోపాలు దిద్దుకుని, ఆ తరువాతే ఉత్పత్తి మొదలుపెడతారు. యుద్ధనౌకల్లో ఆ వెసులుబాటు లేదు. ఒక తరగతిలో, అంటే ఒకే డిజైన్‌తో కట్టే నౌకల వరుసలో, తొలి నౌకే నమూనా. రేపు సముద్రం మీదికి పోరాటానికి వెళ్లవలసిందీ అదే. పైగా అవసరం గుర్తించిన రోజు నుంచి నౌక చేతికి వచ్చే రోజు వరకు పదేళ్లు పట్టడం మామూలు. ఈలోగా ప్రభుత్వాలు మారతాయి, నౌకాదళాధిపతులు ముగ్గురు నలుగురు మారతారు, రాడార్లు, క్షిపణులు పాతబడతాయి. వచ్చిన ప్రతివాళ్లకూ ఏదో ఒకటి మార్చాలనిపిస్తుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మనవాళ్లు. స్లాబు వేశాక వంటగదిని మరో మూలకు జరపమంటే మేస్త్రీ ఏమంటాడో ఇల్లు కట్టించిన ప్రతివారికీ తెలుసు. అమెరికా నౌకాదళం ‘కాన్‌స్టెలేషన్’ ఫ్రిగేట్ల (డిస్ట్రాయర్ల కన్నా సాధారణంగా చిన్నవైన యుద్ధనౌకల) విషయంలో సరిగ్గా ఆ పనే చేసింది.

ఆ కథ మొదలైన తీరు మాత్రం చాలా తెలివైనది. అంతకు ముందు అమెరికాకు వరుసగా చేదు అనుభవాలు ఎదురయ్యాయి. ‘జుమ్‌వాల్ట్’ తరగతి డిస్ట్రాయర్లు 32 అనుకుని మూడింటితో ఆపేశారు. వాటి ఫిరంగి కోసం ప్రత్యేకంగా రూపొందించిన గుండు ఒక్కొక్కటి ఎనిమిది లక్షల డాలర్లకు చేరడంతో గుండ్ల కొనుగోలు మానుకున్నారు. గుండ్లు లేని ఫిరంగులు మిగిలాయి. ‘జెరాల్డ్ ఫోర్డ్’ విమాన వాహక నౌకలో కొత్త సాంకేతికతలన్నీ ఒక్కసారే చొప్పించారు. ఖర్చు 1,330 కోట్ల డాలర్లు అయింది. 2017లో నౌక సేవలో చేరినా, బాంబులను పైకి చేర్చే లిఫ్టులు పదకొండూ సిద్ధమయ్యేసరికి 2021 డిసెంబరు వచ్చింది.

ఇన్ని దెబ్బలు తిన్నాక, ఈసారి కొత్తగా ఏదీ కనిపెట్టకుండా యూరప్‌లో అప్పటికే తిరుగుతున్న నౌకనే తీసుకుందామనుకున్నారు. ఇటలీ, ఫ్రాన్స్ కలిసి రూపొందించిన ‘ఫ్రెమ్’ ఫ్రిగేట్‌ను ఎంచుకుని, 2020 ఏప్రిల్‌లో విస్కాన్సిన్‌లోని ఫిన్‌కాంటియెరి యార్డుకు పని ఇచ్చారు. మూల నమూనాతో 85 శాతం పోలిక ఉంటుందన్నారు.

తరువాత మార్పులు మొదలయ్యాయి. అమెరికా ప్రమాణాల ప్రకారం దెబ్బ తట్టుకునే శక్తి పెంచాలన్నారు. నౌకను దాదాపు ఏడు మీటర్లు పొడిగించారు. ముక్కు దగ్గర ఉండే, శబ్దంతో జలాంతర్గాములను పసిగట్టే సోనార్ తీసేశారు. ఒక్కో మార్పుకూ విడిగా చూస్తే సరైన కారణమే కనిపిస్తుంది. అన్నీ కలిపితే పోలిక 85 నుంచి 15 శాతానికి పడిపోయింది. పేరుకు ఫ్రెమ్, నిజానికి కొత్త నౌక. అయినా డిజైన్ పూర్తి కాకుండానే 2022లో ఉక్కు కోయడం మొదలుపెట్టారు.

ఇది ఎందుకంత పెద్ద తప్పో యార్డులో నిలబడి చూస్తే అర్థమవుతుంది. ఇప్పుడు నౌకను అడుగు నుంచి పైకి కట్టుకుంటూ పోరు. వందల టన్నుల బ్లాకులుగా విడివిడిగా షెడ్లలో కట్టి, పైపులు, కేబుల్ ట్రేలు, గాలి గొట్టాలు అన్నీ అందులోనే అమర్చి, ఆ తరువాత డాక్‌లో ఒకదానికొకటి అతుకుతారు. షెడ్డులో తలకిందులుగా పెట్టిన బ్లాకులో వెల్డర్ గంటలో చేసే పని, నౌక లోపల ఇరుకు గదిలో పైకి చూస్తూ చేయాలంటే దానికి ఎన్నో రెట్ల సమయం పడుతుంది. గదిలో ఒక పంపు స్థానం మారిందనుకోండి. దాని పునాది కోసి తీయాలి, పైపు దారి మార్చాలి, అడ్డుగోడలో కొత్త రంధ్రం చేయాలి, పాత రంధ్రం మూసి నీరు చొరదని పరీక్షించాలి, పక్కనున్న కేబుళ్లను లాగి మళ్లీ వేయాలి, పెరిగిన బరువుకు నౌక నిలకడ లెక్కలు మళ్లీ కట్టాలి. డ్రాయింగు మీద ఒక గీత జరపడానికీ ఈ పనికీ మధ్య ఉన్న దూరమే ఆలస్యాలన్నింటికీ మూలం.

కాన్‌స్టెలేషన్ మూడేళ్లు వెనకబడిందని 2024లో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం తేల్చింది. 2025 నవంబరులో, నిర్మాణం మొదలైన రెండింటిని ఉంచి మిగతావి రద్దు చేస్తున్నట్టు అక్కడి నౌకాదళ మంత్రి ప్రకటించారు.

అమెరికాకు ఇవ్వవలసిన గౌరవం ఒకటుంది. ఈ వివరాలన్నీ మనకు తెలుస్తున్నది అక్కడి ఆడిటర్లు వెంటవెంటనే, నౌక ఇంకా యార్డులో ఉండగానే, లెక్కలు బయటపెట్టడం వల్ల. 1982 నుంచి ఉన్న నన్-మెకర్డీ చట్టం ప్రకారం ఖర్చు నిర్ణీత శాతం దాటితే రక్షణ శాఖ కాంగ్రెస్‌కు చెప్పి తీరాలి, మరీ మించితే ప్రాజెక్టు ఎందుకు కొనసాగాలో సమర్థించుకోవాలి. చైనా ఎనిమిది ‘055’ తరగతి భారీ డిస్ట్రాయర్లను దాదాపు మూడేళ్లలోనే సేవలో చేర్చగలిగింది. ఆ వేగాన్ని ఒప్పుకోవాలి. కానీ వాటికి ఎంత ఖర్చయింది, ఏం తప్పు జరిగింది అని అడిగే ఆడిటరు ప్రజల ముందుకు రాడు. వేగాన్ని మాత్రమే చూసి పోల్చడం సరికాదని నా అభిప్రాయం.

నష్టం ఎవరి నెత్తిన?

బ్రిటన్ నేర్పే పాఠం వేరు. ‘క్వీన్ ఎలిజబెత్’ తరగతి విమాన వాహక నౌకలు రెండింటికి 2008లో వేసిన అంచనా 390 కోట్ల పౌండ్లు. చివరికి 620 కోట్లు దాటింది. యార్డుల అసమర్థత వల్లే ఇంత పెరిగిందనుకుంటే పొరపాటు. ఆ కొద్ది సంవత్సరాల బడ్జెట్ సర్దుకోవడానికి ప్రభుత్వం పనిని నెమ్మదించమంది. ఆ ఒక్క నిర్ణయమే ఖర్చును 156 కోట్ల పౌండ్లు పెంచిందని వాళ్ల జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్క తేల్చింది. పని నెమ్మదించినా జీతాలు, క్రేన్ల అద్దెలు, వడ్డీలు నెమ్మదించవు కదా. ఈ ఏడాది డబ్బు మిగిలిందని సంతోషిస్తే, వచ్చే పదేళ్లలో దానికి ఎన్నో రెట్లు కట్టుకోవాలి. మన దగ్గర మార్చి 31కి ఖర్చు కాని నిధులు వెనక్కి పోతాయన్న హడావిడిని చూసినవారికి ఈ జబ్బు కొత్తేమీ కాదు.

ఆ అనుభవం తరువాత బ్రిటన్ ‘టైప్ 31’ ఫ్రిగేట్లకు స్థిర ధర పెట్టింది. ఐదు నౌకలు, 125 కోట్ల పౌండ్లు. డెన్మార్క్ నౌక ఆధారంగా డిజైన్. ధర పెరిగితే యార్డే భరించాలి. నిజంగానే పెరిగింది. గుత్తేదారు బాబ్‌కాక్ రెండు విడతల్లో దాదాపు 19 కోట్ల పౌండ్ల నష్టం తన పద్దులో రాసుకుంది. ఖజానాకు మేలే జరిగిందనిపిస్తుంది. అయితే స్థిర ధర పని చేసేది, ఆ నష్టాన్ని తట్టుకునే శక్తి యార్డుకు ఉన్నప్పుడే. మొదట చెప్పిన గుజరాత్ యార్డు అప్పుల్లో మునిగిపోయింది. కాగితం మీద ధర ఎంత గట్టిగా రాసుకున్నా, కట్టేవాడే కూలిపోతే నౌక రాదు. కాట్టుపల్లి వెనుక పెద్ద సంస్థ ఆర్థిక బలం ఉంది. డిజైన్ ముందే స్థిరపడి, ఒకటే నౌకను ఏడుసార్లు కట్టే అవకాశమూ దానికి దొరికింది. ఎల్-1 పేరుతో తక్కువ ధర చెప్పినవారికే పని ఇచ్చే పద్ధతిని గుడ్డిగా నమ్మేవాళ్లు ఈ రెండు యార్డులనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఫ్రాన్స్‌లో కొనేవాడికే సాంకేతిక జ్ఞానం ఉండాలన్నది సిద్ధాంతం. 1961లో పునాది పడిన అక్కడి ఆయుధ సేకరణ విభాగం డీజీఏలో ఇంజినీర్లే కీలకం. నౌకాదళం కోరికకూ యార్డు గొప్పలకూ మధ్య నిలబడి రెండు పక్షాలతోనూ లెక్కలతో వాదించగలరు. అయినా అణు జలాంతర్గామి ‘సుఫ్రెన్’ మూడేళ్లకు పైగా ఆలస్యంగా, 2020లో వచ్చింది. బయటి దేశాల్లో అన్నీ సమయానికి జరుగుతాయనే భ్రమకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చేతికి పని లేకపోతే

అన్నింటికన్నా ముఖ్యమని నేను నమ్మేది, మన చర్చల్లో తక్కువగా వినబడేది ఒకటుంది. చివరి నౌక పూర్తయ్యాక ఆ యార్డులో మనుషులు ఏం చేస్తారు?

జపాన్ దీనికి దశాబ్దాల కిందటే జవాబు చెప్పుకుంది. కోబేలో రెండు యార్డులు ఉన్నాయి, ఒకటి మిత్సుబిషిది, ఒకటి కవాసాకిది. వంతులవారీగా ఏడాదికొక జలాంతర్గామి చేరుతుంది. యుద్ధ భయం పెరిగినా తగ్గినా ఆ లయ పెద్దగా మారదు. ఆ లయ చెడకుండా ఉండటానికి, ఇంకా పనికొచ్చే జలాంతర్గాములకు కూడా త్వరగానే విశ్రాంతి ఇచ్చిన కాలం ఉంది. పైకి వృథాలా కనిపిస్తుంది. కానీ వెల్డర్ల చేతి నైపుణ్యం ఏ ఏడాదీ ఖాళీగా ఉండలేదు.

బ్రిటన్ ఆ జాగ్రత్త తీసుకోలేదు. ‘వాన్‌గార్డ్’ జలాంతర్గాముల తరువాత వచ్చిన విరామంలో వాటిని కట్టిన బారో యార్డులో వేలమంది వెళ్లిపోయారు. 1997లో ‘అస్ట్యూట్’కు ఆర్డరిచ్చేసరికి డిజైన్ చేయడం తెలిసినవాళ్లే కరువయ్యారు. అమెరికాకు చెందిన ఎలక్ట్రిక్ బోట్ సంస్థ సాయం తీసుకోవలసి వచ్చింది. తొలి జలాంతర్గామి 2010లో గానీ చేరలేదు.

ఇక మన కథ. దీన్ని దక్షిణ కొరియా కథతో కలిపి చదవాలి.

భారత్ 1981 డిసెంబరులో పశ్చిమ జర్మనీకి చెందిన హెచ్‌డీడబ్ల్యూతో ‘టైప్ 209’ జలాంతర్గాముల కోసం ఒప్పందం చేసుకుంది. రెండు ఆ సంస్థ యార్డున్న జర్మన్ నగరం కీల్‌లో కట్టారు, రెండు ముంబయిలోని మజగావ్ డాక్‌లో. మన ఇంజినీర్లు, వెల్డర్లు జర్మనీ వెళ్లి నేర్చుకున్నారు. జలాంతర్గామి పీడన కవచం వెల్డింగ్ ఆషామాషీ పని కాదు. మందపాటి ప్రత్యేక ఉక్కును ముందు వేడిచేసి, పొర మీద పొర వేసుకుంటూ పోవాలి. ప్రతి అతుకునూ ఎక్స్‌రే తీసి చూస్తారు. లోపల చిన్న గాలి బుడగ కనిపించినా గీకి తీసేసి మళ్లీ వేయాలి. వందల మీటర్ల లోతులో నీటి బరువును ఆ అతుకే మోస్తుంది. ముంబయిలో కట్టిన ‘శాల్కి’ 1992లో, ‘శంకుల్’ 1994లో నౌకాదళంలో చేరాయి. అంటే మనకు ఆ విద్య వచ్చింది.

కానీ 1987లో ఆ ఒప్పందంపై కమీషన్ల ఆరోపణలు వచ్చాయి. తరువాతి జలాంతర్గాముల ఆలోచన అటకెక్కింది. తప్పు చేసినవాళ్లను శిక్షించడం ఒక పని, నేర్చుకున్న విద్యను కాపాడుకోవడం మరో పని. మనం రెండింటినీ ఒకే తాడుతో కట్టేశాం. మజగావ్ డాక్‌లో జలాంతర్గాముల విభాగానికి పదేళ్లకు పైగా కొత్తది కట్టే పని లేకుండా పోయింది. 2005లో ఫ్రెంచి ‘స్కార్పీన్’ జలాంతర్గాముల ఒప్పందం కుదిరాక దాదాపు ఓనమాల నుంచి మొదలుపెట్టారు. 2012లో రావలసిన ‘కల్వరి’ 2017 డిసెంబరులో చేరింది. ఆరోది, ‘వాగ్షీర్’, 2025 జనవరిలో.

దక్షిణ కొరియా అదే సంస్థ నుంచి అదే టైప్ 209ను 1987లో, మనకన్నా ఆరేళ్లు ఆలస్యంగా కొన్నది. మొదటిది కీల్‌లో కట్టారు, మిగతా ఎనిమిదీ సొంత యార్డులో. అవి ముగిశాక జర్మన్ల టైప్ 214 తొమ్మిది. ఆ తరువాత సొంత డిజైన్. 2021లో చేరిన ‘దోసాన్ ఆన్ చాంగ్హో’ నీటి అడుగు నుంచి బాలిస్టిక్ క్షిపణిని ప్రయోగించింది. ఇండోనేషియాకు జలాంతర్గాములు అమ్మింది కూడా. మనకన్నా కొరియన్ల చేతిలో ఎక్కువ విద్యేమీ లేదు. వాళ్లు చేతిని ఖాళీగా ఉంచలేదు, అంతే.

భారతీయులకు ఈ ఓర్పు లేదని ఎవరైనా అంటే, అదే మజగావ్ డాక్ ఉపరితల నౌకల చరిత్ర చూపించాలి. 1964లో నౌకాదళం సొంత డిజైన్ కార్యాలయం పెట్టుకుంది. 1972లో బ్రిటిష్ డిజైన్‌తో ‘నీలగిరి’ కట్టారు. ఆ తరగతి నౌకలు కడుతూనే నేర్చుకుని, 1983లో మన నది పేరుతో ‘గోదావరి’ని సొంతంగా రూపొందించారు. తరువాత ఢిల్లీ తరగతి డిస్ట్రాయర్లు, శివాలిక్ ఫ్రిగేట్లు, ఇప్పుడు మళ్లీ కొత్త నీలగిరి. గొలుసు తెగలేదు. తప్పులు జరగలేదని కాదు. కోల్‌కతా తరగతి మూడు డిస్ట్రాయర్లకు డిజైన్ మార్పులు, ఆయుధాల ఎంపికలో జాప్యం కలిసి ఖర్చు మూడు రెట్లు దాటిందని కాగ్ ఎండగట్టింది. కానీ తప్పు జరిగిన చోటే దిద్దుకునే అవకాశం ఉంది, ఎందుకంటే పని ఆగలేదు. కొత్త నీలగిరికి 93 నెలలు పడితే, అదే యార్డు 2025లో అందించిన అదే తరగతి ‘తారాగిరి’కి 81 నెలలు పట్టింది. ఒకే నౌకాదళం, ఒకే యార్డు. ఫ్రిగేట్లలో పని సాగుతూ వచ్చింది, జలాంతర్గాముల్లో తెగిపోయింది.

సంతకాలకు ముందే పోయే కాలం

మన ఆలస్యంలో పెద్ద భాగం యార్డు గేటు బయటే జరుగుతుంది. అవసరాన్ని ఖరారు చేయడం, రక్షణ కొనుగోళ్ల మండలి ఆమోదం, టెండరు, సాంకేతిక పరిశీలన, పరీక్షలు, ధర బేరాలు, చివరికి భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ. ఒక్కో మెట్టూ వెనకటి ఏదో ఒక కుంభకోణానికి జవాబుగా పుట్టిందే. కాబట్టి తీసేయమనడం తేలిక కాదు. కానీ ఏ మెట్టు దగ్గర ఫైలు ఆగినా సంతకం పెట్టనివాడికి శిక్ష లేదు, పెట్టినవాడికే భయం.

దీని పర్యవసానం మందుపాతరలను ఏరే నౌకల్లో చూడండి. శత్రువు రేవు ముఖద్వారంలో నాలుగు మందుపాతరలు వేస్తే చెన్నై గానీ విశాఖ గానీ స్తంభించిపోతాయి. వాటిని ఏరే నౌకల కోసం దక్షిణ కొరియా సంస్థతో సాగిన బేరాలు మధ్యవర్తుల ఆరోపణలతో 2014లో రద్దయ్యాయి. మళ్లీ మొదలై 2018లో మళ్లీ ఆగిపోయాయి. ఈలోగా ఉన్న పాత నౌకలు ఒక్కొక్కటే విరమించాయి. 2017లో మన తీరపట్టణం పేరున్న ‘కాకినాడ’ వెళ్లింది, 2019లో చివరిదైన ‘కోళికోడ్’ వెళ్లింది. ఏడున్నర వేల కిలోమీటర్లకు మించిన తీరమున్న దేశానికి అలాంటి ప్రత్యేక నౌక ఒక్కటీ మిగల్లేదు. 2025 జులైలో రక్షణ కొనుగోళ్ల మండలి మళ్లీ తొలి మెట్టు ఆమోదం ఇచ్చింది. ఇక్కడ యార్డు కార్మికుడి తప్పు ఎక్కడుంది?

స్కార్పీన్‌లకు కొత్త టార్పెడోలు అందకపోవడం కూడా ఇలాంటిదే. ఎంచుకున్న ఇటలీ సంస్థ మాతృసంస్థ హెలికాప్టర్ల కుంభకోణంలో చిక్కుకోవడంతో ఆ కొనుగోలు నిలిచిపోయింది. జలాంతర్గాములు మాత్రం పాత తరం టార్పెడోలతో సముద్రంలోకి వెళ్లాయి.

ఇన్ని చెప్పాక, మనవాళ్లు సరిగ్గా చేసిన పనులనూ చెప్పాలి. ‘విక్రాంత్’ విమాన వాహక నౌకకు రష్యా నుంచి రావలసిన ఉక్కు రాకపోతే, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహశాస్త్ర ప్రయోగశాల డీఎంఆర్ 249 ఉక్కును రూపొందించింది. ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కర్మాగారాలు దాదాపు 30 వేల టన్నులు పోసి ఇచ్చాయి. అందుకు కాలం పట్టింది నిజమే, నౌక 2022 సెప్టెంబరులో గానీ చేరలేదు. కానీ ఆ తరువాతి మన యుద్ధనౌకలు ఆ ఉక్కుతోనే కడుతున్నాం. దానికి భిన్నంగా రష్యా నుంచి కొన్న ‘విక్రమాదిత్య’ మరమ్మతు ఖర్చు 97.4 కోట్ల డాలర్ల నుంచి దాదాపు 235 కోట్లకు పెరిగింది, 2008లో రావలసింది 2013లో వచ్చింది, వెనక మిగిలిన పరిజ్ఞానం తక్కువ.

చెన్నైకి దక్షిణాన కల్పాక్కంలో ఇంకో మంచి నిర్ణయం కనిపిస్తుంది. అణు జలాంతర్గామి ‘అరిహంత్’లో రియాక్టర్ పెట్టడానికి ముందే, దాని నమూనాను అక్కడ నేల మీద కట్టి నడిపి చూశారు. కొత్తదనమంతా నౌకలోనే తొలిసారి పరీక్షించబోయి ఫోర్డ్ ఇబ్బంది పడింది. ఆ పొరపాటును మనవాళ్లు, అంతకన్నా కష్టమైన సాంకేతికతలో, తప్పించుకున్నారు.

ఇప్పుడు ఆరు కొత్త సంప్రదాయ (అణుశక్తితో నడవని) జలాంతర్గాముల కోసం 75-ఐ ప్రాజెక్టు కింద మజగావ్ డాక్‌తోనూ, జర్మనీ భాగస్వామి టీకేఎంఎస్‌తోనూ 2025లో బేరాలు మొదలయ్యాయి. టీకేఎంఎస్ అంటే మనం 1981లో సంతకం చేసిన కీల్ యార్డు వారసురాలే. అప్పుడు అక్కడ శిక్షణ పొంది వచ్చిన వెల్డర్లు ఎప్పుడో పదవీ విరమణ చేశారు. కాబట్టి ఈ ఒప్పందం గురించి చదివేటప్పుడు ధర ఎంత, స్వదేశీ శాతం ఎంత అన్న అంకెలతో ఆగకూడదు. ఏడో జలాంతర్గామి ఎప్పుడు, ఎవరి డిజైన్‌తో, ఏ డబ్బుతో అన్నది ఆరింటి ఒప్పందంలోనే రాసి ఉందా లేదా అని పార్లమెంటులో మన ప్రతినిధులు ఇప్పుడే, సంతకాలకు ముందే, అడగాలి.